ఎదురుబండి చెప్పిన మాట

ఆత్మకూరులో బాడుగకు మాట్లాడుకొన్న కారులో వెలుగోడు మీదుగా నంద్యాల చేరి, అటనుండి జాతీయ రహదారిని పట్టి ఆళ్లగడ్డకు పోవుచుండగా, శిరివెళ్ల యింకను రాకమునుపే, నడిమి దిమ్మెకు ఆవలిప్రక్కను ఎదురుగా వచ్చుచున్న లారీ యొకటి, దీపముతో ఎవరికిని పనిలేని నడిమధ్యాహ్నపు టెండలో, తన ముందులైట్లను రెండుమారులు తటతట వెలిగించి ఆర్పి మమ్ము దాటిపోయెను. మా డ్రైవరు మాటాడకయే కాలు పైకెత్తెను; వేగము చూపు ముల్లు మెల్లగా క్రిందికి వాలెను.

“ఏమప్పా, ఎందుకు కొట్టినాడు వాడు?” అంటిని.

“ముందర గన్ను పెట్టుకోని నిలబడినారు సార్. మెల్లగా పొమ్మని చెప్పినాడు.”

అర కిలోమీటరు పోవునప్పటికి వేపచెట్టు నీడను ముక్కాలి కొయ్యపై వేగము కొలుచు యంత్రమును నిలిపి ఇరువురు పోలీసులు కానవచ్చిరి. వారిని సాధువులవలె దాటిపోయినపిమ్మట మరల నడిగితిని: “ఇట్లు లైటు కొట్టినందుకు వానిని పట్టుకొన్నచో?” దానికి అతడు నవ్వి, “వాళ్లు చూస్తే వాళ్లు కొడతారు, మేము చూస్తే మేము కొడతాము. బండ్లోళ్ల మధ్య మర్యాద సార్ అది. మెల్లగా పొమ్మంటే కూడా కేసు పెడతారా?” అని నన్నే ప్రశ్నించెను. ఆళ్లగడ్డ చేరి, శిల్పుల ఉలిచప్పుడు చెవిని బడువఱకును నాకు సమాధానము తోచలేదు. తరువాత చట్టపు పుస్తకములు తిరుగవేయగా తెలిసివచ్చిన దేమనగా, ఆ ప్రశ్న నూఱేండ్లకు పైబడి వయస్సు గలదియు, ఇంగ్లండులో గొప్ప న్యాయమూర్తులను సైతము తలగోకికొనునట్లు చేసినదియు నని.

ఆత్మకూరు వారికి దీపములతో మాటలాడు విద్య క్రొత్తది కాదు. ఆ ఊరినుండి బైర్లూటి మీదుగా దోర్నాలకు పోవు బాట నల్లమల గర్భమున, విస్తీర్ణమున దేశములోనే మిక్కిలి పెద్దదిగా పేరొందిన నాగార్జునసాగర్–శ్రీశైలము పులుల సంరక్షణ కేంద్రము నడుమ సాగిపోవును. ఆ దారిలో ఎదురుబండి లైటు కొట్టినదనగా దాని కర్థములు పెక్కు: మలుపులో చెట్టు కూలియుండవచ్చును, ఎనుముల మంద దారి కడ్డముగా నిలిచియుండవచ్చును, జింకలగుంపు దాటుచుండవచ్చును, శివరాత్రి దినములలో నైనచో నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలనుల కాలిబాటను పట్టుటకు ఆత్మకూరు దెసకు నడిచివచ్చు భక్తులును, ఉగాదికి ముందు కన్నడ దేశమునుండి శ్రీశైల మల్లన్న దర్శనార్థమై నడిచివచ్చు యాత్రికులును, తలపై మూటలతో, చంకలో బిడ్డలతో, రోడ్డు అంచున బారులు తీరియుండవచ్చును. ఇరుకు వంతెనకడ అదే లైటునకు “నేను వచ్చుచున్నాను, నీ వాగుము” అని యర్థము. కొన్ని పాశ్చాత్య దేశములలో నైనచో అందుకు సరిగా విరుద్ధముగా “నీవే ముందు పొమ్ము” అని యర్థము. ద్విచక్రవాహనముపై వచ్చువాడు అఱచేతితో తలపై తట్టుకొని చూపెనేని, ముందు హెల్మెట్టు తనిఖీ కలదని గ్రహించుటకు మనవారిలో పండితుడు కానక్కరలేదు. ఇన్ని యర్థములు గల సంజ్ఞను పట్టుకొని, “ఇది పోలీసుల జాడ చెప్పుటకే కొట్టినది” అని న్యాయస్థానమున నిరూపించుట ఎంత కష్టమో చదువరులే ఊహింపవచ్చును.

ఇక చట్టము. వేగమునకు సంబంధించిన మూలము 1988 నాటి మోటారు వాహనముల చట్టము. అది 1989 జులై 1 నుండి అమలులోనికి వచ్చినది. అందు 112వ సెక్షను వేగపరిమితులను గూర్చియు, 183వ సెక్షను వానిని మీఱినవారికి శిక్షను గూర్చియు చెప్పుచున్నవి. 2019లో సవరించినపిమ్మట కారు వంటి తేలిక వాహనమునకు 1,000 నుండి 2,000 రూపాయల వఱకును, లారీ బస్సుల వంటి వానికి 2,000 నుండి 4,000 వఱకును జరిమానా కలదు. రెండవమారు పట్టుబడినచో లైసెన్సును స్వాధీనము చేసికొందురు. ఈ సెక్షనులో నొక చిత్రమైన ఉపవిధి కలదు: ఇంత వ్యవధిలో ఇంత దూరము పోవలెనని యజమాని కాలపట్టికను ప్రకటించి, వేగపరిమితిని మీఱక ఆ గడువును అందుకొనుట అసాధ్యమని న్యాయస్థానము తలంచినయెడల, ఆ కాలపట్టికయే యజమానిపై సాక్ష్య మగును. అనగా వేగముగా పొమ్మన్నవానిని శిక్షించుటకు శాసనకర్తలు త్రోవ చేసియుంచిరి. మెల్లగా పొమ్మన్నవానిని శిక్షించుటకు మాత్రము, మొదటి సెక్షను మొదలు కడపటి షెడ్యూలు దాక వెదకినను, ఆ చట్టమున ఒక్క వాక్యమైన లేదు. నేరమని చట్టములో లేని పనికి ఎవరినిగాని శిక్షింపరాదని రాజ్యాంగపు 20వ అధికరణము.

అట్లయినచో కథ యింతటితో ముగిసినదా? లేదు. పోలీసుల చేతిలో మఱియొక ఆయుధము కలదు, అది “ఆటంకము”. మోటారు చట్టపు 179వ సెక్షను ప్రకారము, తన విధి నిర్వర్తించుచున్న అధికారికి అడ్డుతగిలినవానికి 2,000 రూపాయల వఱకు జరిమానా విధింపవచ్చును. అంతకంటె బలమైనది భారతీయ న్యాయ సంహితలోని 221వ సెక్షను, అనగా పాత శిక్షాస్మృతిలో 186వ సెక్షనుగా మన తాతలకును తెలిసినది. ప్రభుత్వోద్యోగిని ఆతని విధి నిర్వహణములో బుద్ధిపూర్వకముగా ఆటంకపఱచినవానికి మూడు నెలల వఱకు ఖైదుగాని, 2,500 రూపాయల వఱకు జరిమానాగాని, రెండునుగాని. ఎదురుబండికి లైటు కొట్టుట ఆ “ఆటంకము” అను మాటలో ఇముడునా, ఇముడదా అనునదే వివాదమంతయు.

ఈ వివాదము ఇంగ్లండులో మోటారుబండి పుట్టిన క్రొత్తలోనే పుట్టినది. 1903 నాటి చట్టము అచట గంటకు 20 మైళ్లకు, అనగా మన లెక్కను 32 కిలోమీటర్లకు, మించి పోరాదని శాసించెను. పోలీసులు రోడ్డుప్రక్క పొదలలో దాగి, కొలిచియుంచిన దూరమును బండి ఎంత కాలములో దాటెనో గడియారము చూచి పట్టుకొనసాగిరి. అందుకు ప్రతిక్రియగా 1905లో మోటారు యజమానులు ఆటోమొబైల్ అసోసియేషన్ అను సంఘమును స్థాపించి, సైకిళ్లపై మనుష్యులను రోడ్లవెంట తిప్పి, పోలీసులు పొంచియున్న తావులను రాబోవు బండ్లకు తెలుపుచుండిరి. వ్యవహారము న్యాయస్థానమున కెక్కినది. బాస్టబుల్, లిటిల్ అనువారి నడుమ నడచి 1907 నాటి సంపుటమున ప్రకటితమైన తీర్పులో, హెచ్చరిక నందుకొన్న బండ్లు ఆ క్షణమున పరిమితిని మీఱి పోవుచుండెనని ఋజువు లేదు గనుక ఆటంకమన్నది లేదని న్యాయమూర్తులు తేల్చిరి. బెట్స్, స్టీవెన్స్ వ్యాజ్యమున, 1910 సంపుటములోనిది, ఆ బండ్లు అప్పటికే అతివేగముతో పోవుచుండెనని ఋజువయ్యెను. అందుచే సంఘపు సేవకుడు దోషియయ్యెను. న్యాయమూర్తి డార్లింగ్ అచట చూపిన భేదము సూక్ష్మమైనది: నేరమే జరుగకుండవలెనని హెచ్చరించువాడు వేఱు, పోలీసుల కన్ను తప్పువఱకు మాత్రము నేరమును వాయిదా వేసికొమ్మని హెచ్చరించువాడు వేఱు, మొదటివానిది సత్కార్యము, రెండవవానిది ఆటంకము.

ఆ తీర్పునకు సంఘమువారు పన్నిన ఎత్తు నాకు మిక్కిలి నచ్చినది. సంఘపు బిళ్ల తగిలించుకొన్న బండి కనబడినపుడెల్ల సేవకుడు చేయెత్తి వందనము చేయుట వారి ఆచారము. ఇకమీదట సేవకుడు వందనము చేయకున్నచో సభ్యులు బండి నాపి కారణ మడుగవలెనని నియమము చేసిరి. ముందు పోలీసులున్నచో అతడు చేతులు కట్టుకొని ఊరకుండును. ఏమియు చేయనివానిపై, “వీడు వందనము చేయలేదు” అని కేసు పెట్టు పోలీసు ఏ లోకమున నుండును? మౌనముతో మాటాడు ఈ యుపాయము దశాబ్దముల తరబడి సాగినది.

ఇంగ్లండు న్యాయము నేటికిని ఆ రెండు తీర్పుల నడుమనే ఊగుచున్నది. చేతిసైగతో ఇతరులను హెచ్చరించిన ఒక లారీ చోదకుని విషయమున, ఆ సైగ నందుకొన్నవారు అతివేగముతో పోవుచుండిరనిగాని, పోనుండిరనిగాని ఋజువు లేదని 2005లో అచటి హైకోర్టు అతనిని విడిచిపెట్టెను. 2011లో గ్రిమ్స్‌బీ పట్టణపు మేజిస్ట్రేటు కోర్టు లైటు కొట్టిన మఱియొకనికి జరిమానా వేసెను. ఇక మనిషి కాక పరికరమే హెచ్చరించు సంగతి: జర్మనీలో, చోదకుడు వేగయంత్రముల జాడ తెలుపు పరికరమును బండిలో వాడుట నిషిద్ధము.

అమెరికా వారు దీనిని మఱియొక ముఖమునుండి చూచిరి. మిస్సోరి రాష్ట్రములో సెయింట్ లూయిస్ నగరమునకు చేరువనున్న ఎలిస్‌విల్ అను ఊర 2012 నవంబరులో మైఖేల్ ఎల్లి అను నతడు వేగయంత్రమును గూర్చి ఎదుటివారికి లైటు కొట్టి పట్టుబడెను. ఆ కేసు ఉపసంహరింపబడెను. అతడు మాత్రము ఊరకుండక ఫెడరల్ కోర్టున ఆ ఊరిపైననే దావా వేసెను. 2014 ఫిబ్రవరిలో న్యాయమూర్తి హెన్రీ ఆట్రీ, దీపము వెలిగించి ఆర్పుటయు భాషణమే యనియు, రాజ్యాంగపు మొదటి సవరణ దానికి రక్షణ యిచ్చుననియు, ఆ హెచ్చరిక ఎదుటివానిని చట్టమునకు లోబడునట్లే చేయుచున్నదిగాని ధిక్కరింపజేయుట లేదనియు చెప్పి, అట్టి కారణముపై ఎవరినిగాని నిర్బంధింపరాదని తాత్కాలికముగా ఆజ్ఞ యిచ్చెను. ఫ్లోరిడాలో నైతే శాసనసభయే కల్పించుకొని, లైటు కొట్టుట నేరము కాదనునట్లు చట్టమును మార్చి 2013 నుండి అమలుపఱచెను. అచట కార్లు నడుపుకొను మన తెలుగు బిడ్డలు ఈ హక్కును ఇంటికడ తల్లిదండ్రులకు చెప్పి, ఇచటను అట్లే యుండునని భ్రమింపజేయకుందురు గాక.

ఏలనగా మనకు వేఱు రాజ్యాంగము, వేఱు తీర్పులు. అయినను మార్గము మూసికొని లేదు. 19వ అధికరణపు మొదటి ఖండములో వాక్స్వాతంత్ర్యముతోపాటు “అభివ్యక్తి” అను పదమును చేర్చియున్నారు. ఆ పదమునకు మన సుప్రీంకోర్టు ఇచ్చిన అర్థము విశాలమైనది. జాతీయగీత మాలపించునపుడు గౌరవముతో నిలుచుండి పెదవి విప్పని కేరళ బాలబాలికలను బడినుండి వెడలగొట్టిన వ్యాజ్యమున, 1986లో, వారి మౌనమునకును రాజ్యాంగ రక్షణ కలదని యా న్యాయస్థానము తీర్పు చెప్పెను. 2004లో, నవీన్ జిందాల్ వ్యాజ్యమున, పౌరుడు జాతీయజెండాను గౌరవముతో ఎగురవేయుట అభివ్యక్తియే యని నిర్ణయించెను. నోరు విప్పకుండుటయు, గుడ్డను కొయ్యకు కట్టి యెత్తుటయు భాషణములైనపుడు, రెండు దీపములను రెండుమారులు వెలిగించుట ఏల భాషణము కాకుండవలయును? దానిని కట్టడి చేయదలచినచో రెండవ ఖండములో చెప్పిన కారణములలో ఏదో యొకదానిని ప్రభుత్వము చూపవలయును, అదియు ఒక చట్టము ద్వారా. రోడ్డుమీద నిలుచున్న ఉద్యోగి కోపము చట్టము కాదు.

నా దృష్టిలో వివాదమును తేల్చివేయు వాదము రాజ్యాంగములో లేదు. 2021 ఆగస్టులో కేంద్రప్రభుత్వము మోటారు వాహనముల నియమములలో చేర్చిన 167ఏ అను సామాన్యమైన నియమములో కలదు. స్పీడుకెమేరా, స్పీడుగన్ను మొదలగు ఎలక్ట్రానిక్ పరికరములతో కనిపెట్టు రోడ్డుభాగమునకు ముందే, “ఇచట యంత్రములతో నిఘా కలదు” అని ప్రజలకు తెలియునట్లు, కంటికి స్పష్టముగా ఆనునట్లు, హెచ్చరిక బోర్డులు పెట్టవలెనని ఆ నియమము శాసించుచున్నది. శాసనము స్వయముగా బోర్డు నెత్తి చెప్పుమన్న మాటను లారీ డ్రైవరు దీపముతో చెప్పెను. ప్రభుత్వము చెప్పినచో భద్రత, పౌరుడు చెప్పినచో ఆటంకము, అను వాదము నిలువజాలదు. వేగయంత్రపు పరమార్థము బండ్లు మెల్లగా పోవుటయా, చలానాల పుస్తకము నిండుటయా అను ప్రశ్నకు ఆ నియమము మొదటి సమాధానమునే యిచ్చినది. చేతిలోని ఫోనులో దారి చూపు మ్యాపులు సైతము “ముందు కెమేరా కలదు” అని స్త్రీకంఠముతో పలుకుచున్న దినములివి; వానిపై లేని కోపము లారీవానిపై నేల?

వేపచెట్టు నీడను కొయ్యపై నిలిపిన ఆ యంత్రము చేయు పని స్వల్పమే. కంటికి కానరాని లేజరు కాంతిని బండిపై మరల మరల విసరి, అది తగిలి తిరిగివచ్చుటకు పట్టు కాలము ఎట్లు తఱుగుచున్నదో గణించి వేగమును తేల్చును. గంటకు 100 కిలోమీటర్ల వేగమున బండి క్షణమునకు, అనగా గడియారపు సెకండునకు, దాదాపు 28 మీటర్లు దూకును. చోదకుడు ప్రమాదమును కని, కాలు బ్రేకుపై వేయులోపుననే ఆ దూరము కరగిపోవును. కావున యంత్రముయొక్క అవసరమును నేను కాదనుట లేదు. ఆళ్లగడ్డ దారిలో రోడ్డు దాటుచు మరణించిన రైతుకూలీ కుటుంబమునకు లైటు కొట్టుట హక్కా కాదా అను చర్చతో పనిలేదు.

మఱియొక సంగతిని దాటవేయుట న్యాయము కాదు. ఇదే నల్లమల అంచున, ఆళ్లగడ్డ దాపున రుద్రవరము అడవులలో ఎఱ్ఱచందనము కలదు. దానిని దొంగతనముగా తరలించువారు సరకుబండికి ముందు ఖాళీకారు నొకదానిని నడుపుదురు. దానిని “పైలట్ బండి” యందురు. ముందు చెక్‌పోస్టు కలదనియు, అటవీశాఖవారు నిలిచియున్నారనియు వెనుకబండికి కబురు పంపుటయే దాని పని. పైపైని చూచినచో అదియు హెచ్చరికయే, ఇదియు హెచ్చరికయే. కాని పైలట్ బండివాడు నేరమును ఆపుటకు చెప్పుట లేదు, నేరము క్షేమముగా గమ్యము చేరుటకు చెప్పుచున్నాడు; అతడు నేరములో భాగస్వామి, వానికి వాక్స్వాతంత్ర్యము అడ్డము రాదు. డార్లింగ్ దొరవారి సూక్ష్మభేదము మన అడవిలో ఇంత స్థూలముగా కనబడుచున్నది. మద్యము త్రాగి నడుపువారిని పట్టుటకు రాత్రి నిలిపిన తనిఖీని గూర్చి లైటు కొట్టువాని విషయములోను నాకు జాలి లేదు: త్రాగినవాడు హెచ్చరిక విన్నంతమాత్రమున మత్తు వీడడు, సందుదారి పట్టి పోవును. వేగము తగ్గించుట కాలికింది పని. మత్తు దిగుట గంటల పని.

ఇప్పుడు డ్రైవరు ప్రశ్నకు వత్తును. లైటు కొట్టినందుకు పోలీసు ఆపినయెడల ఏమి చేయవలయును? యూనిఫారములో నున్న అధికారి యడిగినపుడు లైసెన్సు చూపవలయును. అది ఫోనులో డిజీలాకరు నందున్నను చెల్లును. ఏ సెక్షను క్రింద ఆపితిరని మర్యాదగా నడుగవచ్చును. 179 అన్నచో, తక్షణమే జరిమానా కట్టి రాజీపడుట యొక మార్గము, కట్టక కోర్టున వాదించుకొనుట మఱియొక మార్గము. రెండవది నేరమును ఒప్పుకొనకుండుటయే గాని ధిక్కారము కాదు. 221 అన్నచో, ఆటంకము పొందితినన్న ఉద్యోగిగాని ఆతని పైయధికారిగాని వ్రాతమూలకముగా ఫిర్యాదు చేయనిదే న్యాయస్థానము ఆ నేరమును విచారణకు గైకొనజాలదు. “మరల కొట్టకుము” అని అధికారి స్పష్టముగా ఆజ్ఞాపించినపిమ్మట ఆతని యెదుటనే మరల కొట్టుట మాత్రము వివేకము కాదు. చట్టబద్ధమైన ఆజ్ఞను ధిక్కరించితిరని అదే 179వ సెక్షనును మీపై త్రిప్పవచ్చును. రాత్రివేళ పెద్దలైటును ఎదుటివాని కన్నులలో కొట్టి మిఱుమిట్లు గొలుపుట ఎట్లును తప్పే. అది పోలీసుల జాడ చెప్పినందుకు కాదు, ఎదుటివానిని గ్రుడ్డివానిని చేసినందుకు.

వేగమునకే పట్టుబడినయెడల, ఒక్క సాక్షి “నాకు చూడగా వీడు వేగముగా పోవుచున్నట్లు తోచెను” అన్నంతమాత్రమున శిక్ష పడదు. యంత్రముతో కొలిచిన ఆధారము ఉండవలెనని 183వ సెక్షనులోనే కలదు. యంత్రమునకు ఏటేట నవీకరించిన ఆమోదపత్రము ఉండవలయును, నోటీసు 15 దినములలో పంపవలయును, ముందు బోర్డు ఉండవలయును. ఇవి చెట్టునీడను వాదులాడుటకు కాదు, కోర్టున అడుగుటకు.

ఈ మాటలన్నియు తిరుగుప్రయాణమున మా డ్రైవరుతో చెప్పితిని. అతడు శ్రద్ధగా విని, “అంటే తప్పు లేదంటారు” అనెను. తప్పు లేదు, కాని వాదు కలదు, అంటిని. వెలుగోడు దాటుచుండగా పొద్దు గ్రుంకినది. ఆత్మకూరు చేరువయగునప్పటికి ఎదురుగా వచ్చిన బస్సొకటి లైటు కొట్టెను. మా బండి వేగము తగ్గినది. ఈ మారు మలుపులో పోలీసులు లేరు. కావడి భుజముననుంచుకొని ముసలివా డొక్కడు రోడ్డు మధ్యగా నడిచిపోవుచుండెను.